అడ్వాన్స్ పైసలు మనవి కావు: క్యారవాన్ బండ్లు కడుతున్నవాళ్లకు, కట్టాలనుకుంటున్నవాళ్లకు ఒక బాడీ మేస్త్రీ బహిరంగ లేఖ

అన్నలకు, తమ్ముళ్లకు నమస్తే.

ఈ మూడు నాలుగేళ్లలో క్యారవాన్ బండ్ల, అంటే లోపలే వండుకుని పడుకునే ఇంటిబండ్ల, కంపెనీలు పెట్టినవాళ్లు, పెడదామని ఇప్పుడు షెడ్ల చుట్టూ తిరుగుతున్నవాళ్లు, వాళ్లకు బాడీలు కట్టిచ్చే నాలాంటి మేస్త్రీలు చదవాలని ఇది రాస్తున్నాను. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్, ఎక్కడైనా సరే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, రెండు వెల్డింగ్ మిషన్లు పెట్టుకుని బతికేవాళ్లంతా చదవండి. పోయిన నెల ఇద్దరు పిల్లలు ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు, బండి బొమ్మ చూపించారు, చాలా బాగుంది, లోపల మంచం మడిచే పద్ధతి నాకే కొత్తగా అనిపించింది. "అన్నా, ఇరవై బుకింగులు మేం తెస్తాం, అడ్వాన్స్ పైసలతో నడిపిద్దాం, నువ్వు బాడీ కట్టు చాలు" అన్నారు. మంచి పిల్లలు. ఛాయ్ తాగించి పంపించాను గానీ ఆ "అడ్వాన్స్ పైసలతో నడిపిద్దాం" అన్న మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఎందుకంటే 2021లో నా షెడ్డుకు వచ్చిన ఇద్దరూ ఇదే మాట, ఇంచుమించు ఇవే ముక్కల్లో అన్నారు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. కస్టమర్ ఇచ్చిన అడ్వాన్స్ మన పైసలు కావు. బండి తాళం అతని చేతిలో పడేదాకా అవి అతని పైసలే. మిగతాదంతా ఈ మాట నాకు ఎలా తెలిసొచ్చిందో చెప్పడమే.

నేను 1998లో పదిహేడేళ్ల వయసులో విజయవాడ ఆటోనగర్‌లో హెల్పర్‌గా చేరాను. పదేళ్లు లారీ తొట్లు, అంటే వెనక సరుకు వేసే బాడీలు, కట్టడం నేర్చుకుని 2009లో నల్లగొండకు తిరిగొచ్చి సొంతంగా షెడ్డు పెట్టుకున్నాను. బియ్యం మిల్లుల లారీలు, డీసీఎంలు, నీళ్ల ట్యాంకర్లు, టిప్పర్ల రిపేర్లు, ఇదే పని. గొప్పగా ఏమీ లేదు, కానీ ఆరుగురు మనుషులకు శనివారం శనివారం కూలి ఇచ్చేవాణ్ని, ఒక్క వారం కూడా తప్పలేదు. 2020 లాక్‌డౌన్‌లో అది తప్పింది. మూడు నెలలు షట్టర్ తెరవలేదు, తెరిచాక కూడా లారీ ఓనర్లకే కిరాయిలు లేవు, కొత్త తొట్టి ఎవరు కట్టించుకుంటారు? అలాంటప్పుడు హైదరాబాద్ నుంచి ఆ ఇద్దరు వచ్చారు.

మన దగ్గర క్యారవాన్ అంటే షూటింగుల దగ్గర హీరోలు కూర్చునే బండి అనుకుంటారు. వాళ్లు అడిగింది అది కాదు. అడవిలోకో, కొండల మీదికో, లడఖ్ దాకానో కుటుంబంతో పోయి, ఎక్కడ పొద్దుగూకితే అక్కడ ఆపుకుని పడుకునే బండి కావాలన్నారు. లోపల రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, సింకు, లెట్రిన్, నూటయాభై లీటర్ల నీళ్ల ట్యాంకు, పైకప్పు మీద సోలార్ ప్లేట్లు, లిథియం బ్యాటరీలు. యూరప్‌లో, అమెరికాలో ఇది ఎప్పటి నుంచో ఉన్న పరిశ్రమే. జర్మనీ, ఆస్ట్రియా వాళ్లు మెర్సిడెస్ వాళ్ల యూనిమాగ్ లారీల మీద, మాన్ కంపెనీ లారీల మీద పెట్టె కట్టి సహారా ఎడారికి పంపిస్తారు. అమెరికాలో ఎర్త్‌రోమర్ అనే కంపెనీ ఫోర్డ్ ఎఫ్-550 మీద కడుతుంది, ఒక్కో బండి మన లెక్కలో కోట్లలో ఉంటుంది. ఆ వీడియోలు నాకు చూపించి, మన రోడ్లకు, మన జేబుకు తగ్గట్టు ముప్పై లక్షల్లో చేద్దాం అన్నారు. నాకు నిజంగానే సంబరంగా అనిపించింది. ఇరవై ఏళ్లు తొట్లు కట్టినవాడికి లోపల మనుషులు ఉండే ఇల్లు కట్టమని అడిగితే ఎలా ఉంటుందో మీకూ తెలుసు.

గిరాకీ కూడా అబద్ధం కాదు. హోటల్లో దిగాలంటే జనానికి భయం, రైలెక్కాలంటే భయం, సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇంటి నుంచి పని, చేతిలో పైసలు. బ్యాంకు వడ్డీలు కూడా అప్పుడు తక్కువే. 2021 సెప్టెంబర్‌లో కేరళ ప్రభుత్వం క్యారవాన్ టూరిజం పాలసీ తెచ్చింది, ఆ కబురు వచ్చిన వారంలో ఆ ఇద్దరి కంపెనీకి ఫోన్లు ఆగలేదు. 2021లో మూడు బండ్లు కట్టాను, 2022లో పదకొండు. పక్క జాగ కిరాయికి తీసుకున్నాను, ఆరుగురు మనుషులు పదిహేడుగురయ్యారు. అందులో నలుగురు నారాయణపేట వైపు నుంచి వచ్చిన పిల్లలు, బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయేవాళ్లు, ఇక్కడే పని దొరికిందని ఇళ్లవాళ్లను కూడా తెచ్చుకున్నారు. గోడల షీట్లు అతికించే ప్యానెల్ ప్రెస్ కోసం బ్యాంకు లోను పెట్టాను. వాపు చూసి బలుపు అనుకోవడం అంటే ఇదేనని అప్పుడు తెలియలేదు.

పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కడ కారిపోయిందో ఇక్కడే ఉంది.

లారీ ఛాసిస్, అంటే బాడీ కింద ఉండే ఇనుప చట్రం, రెండు లాంగ్ మెంబర్ల మీద, అంటే పొడుగాటి దూలాల మీద, ఉంటుందని మనందరికీ తెలుసు. గుంతలో ఒక చక్రం కిందికి, ఇంకో చక్రం పైకి పోయినప్పుడు ఆ ఛాసిస్ తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది, తిరగాలి కూడా, తిరగకపోతే విరుగుతుంది. మనం కట్టే లారీ తొట్టికి దానితో ఇబ్బంది లేదు, కట్టె, చానల్, యూ బోల్టులు, అన్నీ కొంచెం కొంచెం కదులుతాయి, కిర్రు కిర్రుమంటూ దానితోపాటే వంగుతాయి. కానీ ఈ ఇంటిపెట్టె అట్లా కాదు. ఫైబర్ షీట్, మధ్యలో ఫోమ్, మళ్లీ ఫైబర్ షీట్, గమ్ముతో అతికించిన గోడలు. అగ్గిపెట్టెలాగా బిగుసుకుని ఉంటుంది, వంగదు. నేను తొట్టి బిగించినట్టే దాన్నీ ఎనిమిది చోట్ల యూ బోల్టులు వేసి గట్టిగా బిగించాను. గట్టిగా ఉంటే మంచిదనే కదా అనుకుంటాం.

రెండో బండిని ట్రయల్‌కని దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం రోడ్డు పట్టించాం. మన్ననూరు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది, అడవి గేటు మూసేశారు, పొద్దున ఆరింటిదాకా తీయరు కాబట్టి గేటు ఇవతలే ఆపుకుని పడుకున్నాం. పొద్దున బయల్దేరి, ఫర్హాబాద్ దాటి, దోమలపెంట దగ్గర ఛాయ్‌కి ఆగినప్పుడు దర్వాజ పై మూలన వేలు పెట్టి చూశాను. వెంట్రుకంత గీత. గోరుతో గీస్తే గోరు దిగింది. శ్రీశైలం ఘాటు దిగి ఎక్కి తిరిగి వచ్చేసరికి ఆ గీత జానెడైంది. లోపల ఫోమ్‌లోకి నీళ్లు పోతే ఇక ఆ గోడ మొత్తం పనికిరాదు, కనపడకుండా లోపలే కుళ్లినట్టవుతుంది. అప్పుడు తెలిసింది, యూనిమాగ్‌ల మీద పెట్టె కట్టేవాళ్లు దాన్ని ఛాసిస్‌కు నేరుగా బిగించరని. మధ్యలో ఇంకో ఫ్రేమ్ పెట్టి, వెనక రెండు చోట్ల పట్టి, ముందు ఒకేచోట ఉయ్యాలలాగా తిరిగే పిన్ను ఇస్తారు, కింద ఛాసిస్ ఎంత మెలి తిరిగినా పైన పెట్టె తన పాటికి తాను నిలబడుతుంది. కొన్నిటికి పిన్ను బదులు స్ప్రింగులు పెడతారు. నేను దాన్ని మా పద్ధతిలో, పాత కమాన్ కట్టల బుష్‌లు, లేత్ మీద తీయించిన పిన్నుతో చేసుకున్నాను. మూడుసార్లు చేసి విప్పాను. నాలుగోసారి కుదిరింది. ఈ రోజు ఆ జాయింటు చూసి ఎవరైనా మెచ్చుకుంటే నాకు సంతోషమే.

కానీ ఆ మూడుసార్లు విప్పిన పని ఖర్చు ఏ కోటేషన్‌లోనూ లేదు. అసలు సంగతి ఇది. లారీ తొట్టి నేను వెయ్యి కట్టి ఉంటాను, ఎన్ని రోజులు పడుతుందో, ఎంత ఇనుము పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఈ బండి అట్లా కాదు, ప్రతి బండీ మొదటి బండే. ఒకరికి లెట్రిన్ వెనక కావాలి, ఒకరికి ముందు కావాలి, ఒకరికి కుక్క పడుకునే జాగ కావాలి, ఇంకొకరికి మంచు ప్రాంతం కాబట్టి డీజిల్ హీటర్ కావాలి. రేటు మాత్రం కంపెనీ వాళ్లు బుకింగ్ రోజునే ఖాయం చేసి రాసిచ్చేశారు. నాలుగు నెలల్లో ఇస్తామన్న బండి ఏడు నెలలు, పదకొండు నెలలు పట్టింది, ఈలోగా బ్యాటరీ రేటు, షీట్ల రేటు, ఛాసిస్ రేటు అన్నీ పెరిగాయి. ముప్పై లక్షలకు ఒప్పుకున్న బండి కంపెనీకి ముప్పై మూడున్నర పడింది. ఆ మూడున్నర ఎక్కడి నుంచి వచ్చింది? కొత్తగా బుక్ చేసినవాళ్ల అడ్వాన్స్ నుంచి వచ్చింది. ఎల్లయ్య టోపీ మల్లయ్యకు, మల్లయ్య టోపీ ఎల్లయ్యకు. వెయిటింగ్ లిస్టు ఎంత పొడుగైతే అంత గొప్ప అనుకున్నాం, నిజానికి అది మనం బాకీ ఉన్నవాళ్ల లిస్టు.

పోనీ మోసం చేద్దామని చేశారా అంటే, నా కళ్లతో చూసినవాణ్ని, కాదు. రాత్రి రెండింటిదాకా షెడ్డులో నాతో పాటు కూర్చుని వైరింగ్ లాగినవాళ్లు వాళ్లు. వాళ్లూ లెక్క చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. బ్యాంకు అకౌంట్లో పైసలు కనపడుతున్నాయి కాబట్టి లాభం వస్తున్నట్టే అనుకున్నారు. కానీ కస్టమర్‌కు అది ఒక్కటే కదా, కావాలని పోగొట్టినా, తెలియక పోగొట్టినా.

దీనికి తోడు పాసింగ్ టెన్షన్, అంటే కట్టిన బండికి ఆర్టీఓ దగ్గర అనుమతి తెచ్చుకోవడం. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, కంపెనీ తయారు చేసిన రూపం నుంచి బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. మోటార్ క్యారవాన్‌లకు ఏఐఎస్-124 అని ప్రత్యేక ప్రమాణం కూడా ఉంది. ఇవన్నీ మొదటి బండి గీత గీయకముందే చదవాల్సినవి. మేం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి పెట్టిన రోజు చదివాం. రెండు బండ్లు పాసింగ్ కాక నాలుగు నెలలు ఎండలో నిలబడ్డాయి, ఆ నాలుగు నెలల కిస్తీలు కస్టమర్లే కట్టుకున్నారు.

2023కి గాలి మారింది. హోటళ్లు తెరిచారు, విమానాలు తిరుగుతున్నాయి, ఆఫీసులకు రమ్మంటున్నారు. రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, అదే రెపో రేటు, 2022 మే ముందు 4 శాతం ఉన్నది 2023 ఫిబ్రవరికల్లా 6.5 శాతమైంది, నా ప్రెస్ లోను కిస్తీ కూడా దానితో పాటే పెరిగింది. ఇంకొకటి ఎవరూ ముందు ఊహించలేదు: మేం 2021లో కట్టిన బండ్లు సెకండ్ హ్యాండ్‌లో అమ్మకానికి వచ్చాయి. ఆరు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. రెండు ట్రిప్పులు పోయారు, పిల్లల బడులు మొదలయ్యాయి, బండి అపార్ట్‌మెంట్ కింద పట్టదు, అమ్మేద్దాం. కొత్తది ముప్పై పెట్టి ఏడాది ఆగి తీసుకోవడమెందుకు, ఇరవైకి రేపే దొరుకుతుంటే? మా బండికి మా బండే పోటీ అయింది. బుకింగులు ఆగిన రెండో నెలలో చెక్కులు వెనక్కి వచ్చాయి, 2024 మొదట్లో హైదరాబాద్ ఆఫీసుకు తాళం పడింది. నాకు రావాల్సింది పంతొమ్మిది లక్షలు. అప్పటికి నా షెడ్డులో ఐదు సగం బండ్లు ఉన్నాయి.

ఇదంతా మన తెలివితక్కువతనం వల్లేనేమో అనుకుని చాలా రోజులు కుమిలిపోయాను. మా అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది, తను రాత్రిళ్లు కూర్చుని అమెరికా సంగతులు చదివి నాకు చెప్పింది. ఇండియానా రాష్ట్రంలో ఎల్కార్ట్ అని ఊరుంది. మిర్యాలగూడకు బియ్యం మిల్లులు ఎలాగో ఆ ఊరికి ఈ ఇంటిబండ్లు అలాగ, అమెరికాలో ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కలే తయారవుతాయి. 2006లో ఆ దేశం మొత్తం మీద 3,90,500 బండ్లు ఫ్యాక్టరీల నుంచి బయటికి వస్తే, 2009లో 1,65,700 వచ్చాయి. సగానికి సగం కూడా లేదు. 2009 మార్చిలో ఒకే నెలలో ఫ్లీట్‌వుడ్, మొనాకో అనే రెండు పెద్ద కంపెనీలు దివాలా పిటిషన్ వేశాయి. ఆ ఊళ్లో నిరుద్యోగం దాదాపు 20 శాతానికి పోయింది, ఒబామా ప్రెసిడెంట్ అయిన మూడు వారాలకే ఆ ఊరికి పోయి మాట్లాడాల్సి వచ్చింది. మళ్లీ 2021లో కోవిడ్ గిరాకీతో 6,00,240 బండ్లు, అంతకుముందు ఎప్పుడూ లేనంత. 2022లో 4,93,268. 2023లో 3,13,174. ఈ అంకెలు నేను గోడ మీద సుద్దతో రాసి పెట్టుకున్నాను, దాని పక్కనే నా షెడ్డు అంకెలు: మూడు, పదకొండు, నాలుగు.

అడవులు, ఎడారుల్లోకి పోయే పెద్ద బండ్లవాళ్ల కష్టం ఇంకోరకం, వాళ్లు ఛాసిస్ ఒకరి దగ్గర కొనాలి. ఎర్త్‌క్రూజర్ లాంటివాళ్లు మిత్సుబిషి ఫూసో ఎఫ్‌జీ అనే చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ లారీ మీద కట్టేవాళ్లు. 2020లో ఫూసో అమెరికాలో కొత్త లారీలు అమ్మడం మానేస్తున్నామని చెప్పేసింది. ఎన్నో ఏళ్లు కొలతలు తీసి, ఫ్రేములు డిజైన్ చేసుకుని, సరిగ్గా కుదిరింది అనుకునేసరికి కింద ఛాసిసే లేదు. దీని మీద ఆ వారమంతా మా అమ్మాయి, నేను మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఎందుకంటే మనం కూడా ఒకే మోడల్ ఛాసిస్‌కు జిగ్గులు, అంటే కొలతకు పట్టి బిగించే అచ్చులు, చేసుకుని కూర్చుంటాం కదా.

కెనడాది ఇంకా దగ్గరగా తగిలింది. రోడ్‌ట్రెక్ బండ్లు చేసే కంపెనీ ఒంటారియోలో ఉండేది, జర్మనీ వాళ్ల ఎర్విన్ హైమర్ గ్రూపు కింద. ఆ గ్రూపు మొత్తాన్ని అమెరికా థోర్ కంపెనీ కొనడానికి ఒప్పందమైంది. తీరా అమ్మకం పూర్తయ్యే ముందు ఆ కెనడా కంపెనీ లెక్కల్లో తేడాలు బయటపడ్డాయి, థోర్ దాన్ని ఒప్పందం నుంచి తీసేసింది. 2019 ఫిబ్రవరిలో అప్పుల కోసం ఆస్తులు చూసుకోవడానికి కోర్టు పెట్టిన రిసీవర్ చేతికి పోయింది, సుమారు 850 మంది పని పోయింది. బండ్లకు గిరాకీ లేక కాదు, లెక్క సరిగ్గా లేక. పెద్ద కంపెనీ, ఆడిటర్లు, కంప్యూటర్లు అన్నీ ఉండి కూడా.

ఇక నా తప్పు. ఇది రాయకుండా పై మాటలన్నీ రాయడం న్యాయం కాదు.

2023 దసరాకు ముందు ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు సారు, మేడం నేరుగా నా దగ్గరికే వచ్చారు, కంపెనీతో సంబంధం లేకుండా. సారు మా నల్లగొండలోనే పనిచేశారు, నా తమ్ముడికి లెక్కలు చెప్పారు. రిటైర్‌మెంట్ పైసలతో చిన్న బండి కొనుక్కున్నారు, దాని మీద పెట్టె కట్టమన్నారు. కాశీ దాకా మెల్లగా పోవాలి, మధ్యలో ఎక్కడ బాగుంటే అక్కడ రెండు రోజులు ఉండాలి, అదీ వాళ్ల కోరిక. మేడం ఒక్కటే అడిగారు, పొయ్యి పైన దేవుడి గూడు కావాలి, కుదుపులకు బొమ్మ పడకుండా ముందు చిన్న కడ్డీ ఉండాలి. తొమ్మిది అంగుళాల ఎత్తు, పద్నాలుగు అంగుళాల వెడల్పు. ప్లైవుడ్ ముక్క మీద పెన్సిల్‌తో ఆమే గీసి ఇచ్చారు, పక్కన చిన్నగా ఓం రాశారు. సామాను కొనడానికని ఆరు లక్షలు ఇచ్చారు.

ఆ వారం కంపెనీ నుంచి రావాల్సిన చెక్కు రాలేదు. పదిహేడు మంది మనుషులు, పండగ. సారు పైసల నుంచి రెండున్నర లక్షలు కూలీలకు, బోనస్‌కు ఇచ్చాను. వారంలో పెట్టేస్తాను కదా అనుకున్నాను. తర్వాత పాత బాకీ కోసం ఇనుము షాపాయన కూర్చుంటే ఇంకో లక్షా ఎనభై వేలు. సారు బండికి కొన్నది లక్షా డెబ్బై వేల సామాను మాత్రమే. చెక్కు ఆ వారమూ రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

సారు ఒక్కరోజు కూడా గొంతు పెంచలేదు. ప్రతి ఆదివారం వచ్చి, టార్పాలిన్ తీసి, బండి మెట్టు మీద కాసేపు కూర్చుని పోయేవారు. నాలుగైదు నెలలు ఇలా గడిచాక ఒకరోజు నేనే చెప్పేశాను, సారూ మీ పైసలు వేరే దానికి వాడాను అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నన్ను అడిగి వాడితే అప్పు అయ్యేది కదయ్యా" అన్నారు. అంతే అన్నారు. ఇంకేం అనలేదు.

ఆ రాత్రి నుంచే నేను పద్ధతి మార్చుకున్నాను. ఊళ్లో ఉన్న రెండు గుంటల జాగ అమ్మాను. ఐదు సగం బండ్లలో మూడింటికి వాటి కస్టమర్లతో కూర్చుని, ఎక్కడిదాకా అయిందో వాళ్ల కళ్ల ముందే లెక్క రాసి, నా కూలి వదులుకుని పూర్తి చేసి ఇచ్చాను. ఇద్దరు ఉన్నదున్నట్టు తీసుకుపోయారు, ఛాసిస్ వాళ్ల పేరు మీద ఉంది కాబట్టి తీసుకుపోగలిగారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. కంపెనీ దగ్గర బుక్ చేసిన ఇంకొందరికి ఛాసిస్ కూడా కంపెనీ పేరునే కొన్నారు, బ్యాంకు వాళ్లు వచ్చి వాటిని పట్టుకుపోయారు, ఆ కుటుంబాలకు ఒక్క చక్రం కూడా మిగల్లేదు.

అందుకే ఇప్పుడు నా దగ్గర ఎవరు కట్టించుకున్నా ఛాసిస్ మొదటి రోజు నుంచి వాళ్ల పేరునే. అడ్వాన్స్ వేరే అకౌంట్లో ఉంటుంది, కరెంటు బిల్లుకు కూడా దాన్ని ముట్టను. ఫ్రేమ్ అయ్యాక ఒక విడత, గోడలు లేచాక ఒక విడత, వైరింగ్, నీళ్ల లైన్లు టెస్ట్ అయ్యాక ఒకటి, పాసింగ్ అయ్యాక చివరిది. ప్రతి విడతకు కస్టమర్ వచ్చి చూసి సంతకం పెట్టాలి. సామాను బిల్లుల కాపీలు అతనికి అదే రోజు పంపిస్తాను. షీట్ల రేటు, బ్యాటరీ రేటు కొనే రోజు ఎంత ఉంటే అంత, నా కూలి మాత్రమే ఖాయం. "అన్నా, ఇట్లయితే గిరాకీ రాదు, వేరేవాళ్లు ఫిక్స్‌డ్ రేటు ఇస్తున్నారు" అన్నారు మొన్న వచ్చిన పిల్లలు. తక్కువే వస్తుంది, నిజమే. పోయిన ఏడాది రెండు బండ్లు కట్టాను. మిగతా రోజులు మళ్లీ డీసీఎం తొట్లు, ట్యాంకర్లు. మనుషులు ఏడుగురు. నారాయణపేట పిల్లల్లో ఇద్దరు ఉన్నారు, ఇద్దరు మళ్లీ బెంగళూరు పోయారు, వాళ్లకు నేను ఇప్పటికీ ఇరవై రెండు వేలు ఇవ్వాలి, ఇస్తున్నాను.

కంపెనీలు పెట్టేవాళ్లకు ఒక మాట. ఇరవై బుకింగులతో మొదలుపెట్టకండి. మీ సొంత పైసలతో ఒకే ఒక బండి కట్టండి, దాన్ని ఏడాది పాటు కిరాయికి తిప్పండి, సోమశిలకు, నాగార్జునసాగర్‌కు, శ్రీశైలం ఘాటు మీద. దర్వాజ మూలలు పగులుతాయా, ట్యాంకు బిగింపులు ఊడుతాయా, జనం లెట్రిన్ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తున్నారు, ఏడాదిలో నిజంగా ఎన్ని రోజులు బండి కదిలింది, అన్నీ తెలుస్తాయి. అప్పుడు రేటు చెప్పండి. డిజైన్ అయ్యాక ఒక మార్పుకు ఇంత అని ముందే రాసుకోండి, ఎంత దగ్గరవాళ్లయినా సరే. ఆ డబ్బు పెట్టే స్తోమత లేకపోతే ఆగండి, కస్టమర్ల పైసలతో నేర్చుకోవద్దు. నేను అలాగే నేర్చుకున్నాను, అందుకే చెప్తున్నాను.

షెడ్లవాళ్లకు: కంపెనీ ఎంత పెద్దదైనా ఒక బండి బాకీ ఉండగా రెండో బండి ఛాసిస్ షెడ్డులోకి రానివ్వకండి. నేను తొమ్మిది బండ్లు రానిచ్చాను. మొహమాటానికి పోయాను, వాళ్లు మంచివాళ్లు కదా అని. రోజూ కలిసి తినేవాళ్లను పైసలు అడగడం కష్టమే. అయినా అడగండి.

సారు బండి ఈ నెలాఖరుకు పాసింగ్‌కు పెడుతున్నాను. సామాను పైసలు అన్నీ తిరిగి పెట్టేశాను, కూలి తీసుకోవడం లేదు. ఫ్రేమ్ మూడు పాయింట్ల మీదే ఉంది, ఎవరికైనా ఆ జాయింటు చూడాలని ఉంటే అప్పటిలోగా షెడ్డుకు రండి, విప్పి చూపిస్తాను, కొలతలు రాసుకుని పోండి, పైసా అక్కర్లేదు. లెక్కల పుస్తకం కూడా టేబుల్ మీదే ఉంటుంది, 2021 నుంచి. మొన్న వచ్చిన పిల్లలిద్దరికీ ఇదే చెప్తున్నాను, తమ్మీ, ఈ ఆదివారం మళ్లీ రండి, సారు కూడా ఉంటారు. దేవుడి గూడుకు ముందు కడ్డీ ఇత్తడిది పెట్టాలా, స్టీల్‌ది పెట్టాలా అని ఆ రోజు మేడం వచ్చి చెప్తానన్నారు.